కొండ మీద ఉప్పు

ధరలు కొండెక్కితే మా ఇంట్లో తినడం మానేస్తాం. మా అక్క కొండెక్కితే తినడం మొదలెడతాం. ఎండలు ముదిరి, మేడ మీద తొట్లలో కీరదోసలూ టమాటాలూ చేతికొచ్చిన వారం, ఆదివారం తెల్లవారుతూనే ముగ్గురం బయల్దేరతాం. అక్క, బావ, నేను. పైన ఒక బల్లపరుపు బండ ఉంది. అక్కడ కూర్చుని తినడానికే ఈ ఎక్కడమంతా.

దానికో పద్ధతుంది. ముక్కలు ఇంట్లోనే కోసి, పెద్ద మూతడబ్బాలో పెట్టుకుంటాం. ఉప్పు మాత్రం చిన్న డబ్బాలో విడిగా వెళ్తుంది. ముందే ఉప్పు పడితే దారిలో ముక్కలు నీరుకారిపోతాయి. అందుకని పైకెళ్లాక అక్క తన చేత్తో వేసి, కలిపి, ఒక ముక్క నోట్లో వేసుకుని, తల ఊపాకే మా చేతులు డబ్బాలో దిగాలి. అంతవరకూ నోరూరినా, నోరెత్తినా కుదరదు.

ఈ ఏడు మొదట్లో అక్కకి జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం పోయింది గానీ పోతూ పోతూ నాలుక మీది రుచినీ, ముక్కులోని వాసననూ వెంట తీసుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. నేను బోర్డులు రాసేవాణ్ణి.

అక్క కొలతలు గుర్తు పెట్టుకుని వండుతూనే ఉంది. ఇబ్బందల్లా బావతోనే. ఆయన త్రాసులు బాగుచేస్తాడు. కిరాణా కొట్టు నుంచి మందుల షాపు దాకా ఎక్కడ ముల్లు వంకర పోయినా బావే దిద్దాలి. వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని ఆ మనిషి కంచం ముందు కూర్చుంటే మాత్రం, పెళ్లినాటి నుంచీ ఒకటే మాట: “బ్రహ్మాండం.” బావకి భావాలెన్నున్నా భాష అదొక్కటే. మొన్నామధ్య వంకాయ కూరలో ఉప్పు బదులు పంచదార పడింది. బావ కంచం నాకినంత పనిచేసి బ్రహ్మాండం అన్నాడు. సాయంత్రం టీ పెట్టబోతూ పంచదార డబ్బా వెలితిగా ఉండడం చూసి అక్క సంగతి గ్రహించింది. కారాలూ మిరియాలూ నూరుతుందనుకున్నాను. నూరలేదు. స్టవ్ ఆపేసి మా ఇద్దరి ముందూ కూర్చుంది.

“నాకు రుచి పోయింది. మీకు నిజం పోయింది. ఇంక ఈ ఇంట్లో నేనేం వండను?”

“అది కాదు...” అన్నాడు బావ.

“ఆదివారం కొండ మీద ఉప్పు నేనే వేస్తా. చెయ్యి కుదిరితే వంటగది నాది. కుదరకపోతే మర్నాటి నుంచి హోటల్ క్యారియర్ తెప్పించుకోండి, నేను మళ్లీ గరిటె పట్టను. ఒరేయ్, నువ్వు నిజం చెప్పాలి.”

“నేనా? నీళ్లు కలిపే కొట్టుకి ‘చిక్కటి పాలు’ అని బోర్డు రాసి బతికేవాణ్ణి. నన్నడుగుతావేంటే?”

అక్క నవ్వలేదు.

ఆదివారం ఎక్కుతుంటే ఎండ వీపు మీద చెయ్యేసి మాతోపాటే నడిచింది. మిగతా తిండి సంచి నా భుజాన ఉంది. మూతడబ్బా బావ గుండెలకి హత్తుకుని మోస్తున్నాడు. “ఇలా తే బావా, కాసేపు నేను మోస్తా” అంటే పసిపిల్లని లాక్కుంటున్నట్టు పక్కకి జరిగాడు. వాగు దాటాక వచ్చే మలుపులో అడవి పుదీనా ఉంటుంది. వెనకటేళ్లలో అది కంటపడకముందే అక్క చెప్పేసేది, “వచ్చేసింది, పుదీనా వచ్చేసింది” అని. ఈసారి మలుపు తిరిగాక ఆగి, ఒక ఆకు తెంపి, నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టింది.

“వస్తోందా?”

“వస్తోంది.”

ఆకు నా చేతిలో పెట్టి ముందుకి నడిచింది.

బండ ఎక్కాం. అక్క చేతులు కడుక్కుని, మూత తీసి, అలాగే ఉండిపోయింది. నేనూ తొంగిచూశాను. డబ్బాలో సగానికి నీళ్లు. కీరదోస ముక్కలు వాడి, మెత్తబడి అందులో ఈదుతున్నాయి.

నాలుక చెప్పలేనిది కళ్లు చెప్పేశాయి.

“ఉప్పెవరు వేశారు?”

బావ బండకేసి చూశాడు. “నువ్వు తల దువ్వుకుంటుంటే... నేనే. త్రాసు మీద తూచి మరీ వేశాను.”

“మరి ఈ చిన్న డబ్బాలో ఉన్నదేంటి?”

“బియ్యప్పిండి. నువ్వెంత వేసినా తేడా రాకూడదని. నీరొస్తుందన్న మాట మర్చిపోయాను.”

“అంటే నా చెయ్యి తప్పుతుందని ముందే తేల్చేశారు.”

“తప్పితే మానేస్తానన్నావు కదా!” బావ గొంతు ఒక్కసారి లేచి, అంతలోనే పడిపోయింది. “వంటగదిలో చప్పుడు లేని ఇంట్లోకి నేనెలా రాను?”

అక్క నాకేసి తిరిగింది. “ఏరా, తిని చెప్పు.”

ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఎన్నో అబద్ధాలు నాలుక చివరిదాకా వచ్చి, ఆ ఉప్పు చూసి వెనక్కి పారిపోయాయి. “అక్కా, సముద్రానికెళ్లాల్సినవాళ్లం పొరపాటున కొండకొచ్చాం.”

ఆమె పెదవి చివర కదిలింది. అది నవ్వో ఏడుపో తేలకుండానే ఆగిపోయింది. తర్వాత డబ్బా వంచి నీళ్లన్నీ వంపేసింది. నా సంచిలోంచి ఉడికించిన మొక్కజొన్న గింజలు, కోయకుండా తెచ్చిన టమాటాలు, నిమ్మకాయ బయటికి తీసింది. ఉప్పు తగలనివి అవే. టమాటాలు చేత్తోనే చిదిమి, గింజలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపింది. ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు.

ఒక ముక్క తీసి బావ నోటి ముందు పెట్టింది. నాకు కాదు.

“బ్రహ్మా...” అన్నాడు బావ.

అక్క చూసింది. ఆయన ఆ మాట మింగేశాడు, ముక్కతోపాటే.

“ఉప్పే,” అన్నాడు మెల్లగా.

ఇంకాసిని గింజలు పోసింది. ఇంకో ముక్క.

“ఇంకా ఉప్పే.”

ఈసారి ఉన్న గింజలన్నీ పోసి, నిమ్మకాయ పిండింది. బావ కళ్లు మూసుకుని నమిలాడు. షాపులో ముల్లు నిలకడకి వచ్చేదాకా ఆయన ఊపిరి బిగబట్టి చూస్తాడే, అలా అక్క ఆయన ముఖంలోకి చూస్తోంది.

“ఇప్పుడు...” అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి కొండెక్కడం కంటే కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది. “ఇప్పుడు చప్పబడింది. చిటికెడు పడాలి.”

“ఉప్పేదీ?”

బావ జేబులోంచి పొట్లం తీశాడు. పొద్దున చిన్న డబ్బాలోంచి ఒంపేసిన ఉప్పు. అక్క పొట్లం విప్పి, చిటికెడు తీసి, డబ్బా మీద చెయ్యి ఆపింది.

“ఇంతా?”

“కొంచెం తగ్గించు.”

వేళ్లు సడలించింది. నాలుగు ఉప్పు రవ్వలు రాలి గాలికి పోయాయి. మిగిలింది వేసి, కలిపి, అలవాటు కొద్దీ తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఆమెకేం తెలిసిందో నేను అడగలేదు. తల మాత్రం ఊపలేదు. బావ ఊపేదాకా ఆగింది.