తొంభై నాలుగు రోజుల గైర్హాజరు

వీధంతా ఆయన్ని గేటు సిపాయి అంటుంది. పటాలం వదిలి ముప్ఫై ఏళ్లయినా, గడప దాటితే 'బయటికి', తిరిగొస్తే 'లోపలికి' అని తలుపు పక్కన వేలాడే పుస్తకంలో టైముతో సహా రాయందే ఆయనకు ముద్ద దిగదు. "ఉప్పు పొట్లానికి పోయినా రాతేనా?" అని భార్య ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ఆ పుస్తకమే ఇవాళ పింఛను ఆఫీసు బల్ల ఎక్కింది. మాజీ సైనికుల పింఛనుకు రెండు షరతులు. ఆదాయం గీత దాటకూడదు. ఏడాదిలో తొంభై రోజులకు మించి జిల్లా బయట ఉండకూడదు.

ఆదాయం సంగతి గుమాస్తా అమ్మాయి చిటికెలో తేల్చేసింది.

"తాళాలు బాగుచేస్తారటగా తాతగారూ. ఏమొస్తుంది?"

"దండాలొస్తాయి తల్లీ," అంది భార్య. "బస్తాల కొద్దీ. వాటితోనే పొయ్యి వెలిగిస్తున్నా."

నివాసం దగ్గరే పడింది పీటముడి. మంచాన పడ్డ చెల్లెల్ని చూసుకోడానికి ఆయన జిల్లా దాటి నాలుగుసార్లు వెళ్లాడు. ఏడాది చివరి పేజీలో ఆయన చేత్తోనే ఎర్ర సిరా రాత: మొత్తం గైర్హాజరు తొంభై నాలుగు.

"నాలుగు ఎక్కువయ్యాయండీ. రాదు."

భార్య ఆయన చెవి దగ్గర గొణిగింది. "ఆ పేజీ చింపెయ్యండి. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశాగా."

"చాల్లెండి సత్యం!" అని గుమాస్తా వైపు తిరిగింది. "కాలికి తూటా తగిలిన రోజు నీది ఏ జిల్లా అని ఎవడూ అడగలేదమ్మా!"

"బాగా పెట్టావక్కా గడ్డి!" అన్నారెవరో వరుసలోంచి. గుమాస్తా తలెత్తలేదు. వేలు పెట్టి ఒక్కో వరుసా చూస్తోంది.

"సాయంత్రం ఆరింటికి 'లోపలికి' అని రాశారు. మరి ఆ రోజు కూడా లేనట్టే వేశారేం?"

"పొద్దుటి హాజరు పిలుపుకి లేనివాడు ఆ రోజంతా లేనట్టేగా."

"ఎక్కడ?"

"బ్యారక్‌లో."

ఆమె పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. నిబంధనల పుస్తకం తిప్పి చూపించింది. "ఇక్కడ రాత్రికి ఇంట్లో పడుకుంటే ఆ రోజు ఇంట్లో ఉన్నట్టే. నాలుగుసార్లు తిరిగొచ్చారు. నాలుగూ తీసేస్తే సరిగ్గా తొంభై."

ముద్ర దభీమని పడింది.

"పింఛను తీసుకున్నంత కాలం ఇదే లెక్క తాతగారూ. ఏటా తొంభై. జాగ్రత్త."

ఇంటికొచ్చి 'లోపలికి' అని రాశాడు కానీ పెన్సిల్ వదల్లేదు. పటాలంలో సెలవు చీటీ మీద సుబేదారు సంతకం ఉండేది. చెల్లెలి మంచం పక్కన కూర్చోడానికి ఇప్పుడు సర్కారు సెలవివ్వాలి. ఇందుకేనా కాలు కుంటి చేసుకుంది?

"ఏంటా లెక్కలు?"

"చెల్లికి నయమయ్యేలోగా తొంభై సరిపోతాయా అని."

భార్య పెన్సిల్ లాక్కుంది.

"రేపు బండి మాట్లాడి నా ఆడపడుచుని ఇక్కడికే తెచ్చుకుందాం. మీ పుస్తకంలో తనకీ ఓ గడి గీయండి."