ఊపిరి తరువాతి మాట

కొల్లార్డ్ ఆకును మూడుసార్లు కడగాలి. మొదటిసారి మట్టి పోతుంది, రెండోసారి ఇసుక పోతుంది, మూడోసారి కడిగితేగానీ వండేవాళ్ళ అనుమానం పోదు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, మంచి గౌను మీదే ఏప్రన్ కట్టుకుని వెర్నెటా రెండో కడుగులో ఉండగా, హాల్లోంచి ఆమె భర్త ఆల్టన్ కేకేశాడు.

“వెర్నీ, తొందరగా రా! నువ్వొస్తున్నావ్!”

“ఇక్కడే ఉన్నాను కదయ్యా. ఎక్కణ్ణుంచి రావాలి?”

“పాటలో వస్తున్నావే!”

వాళ్ళబ్బాయి మార్కెల్ కొత్త రాప్ ఆల్బం శుక్రవారం విడుదలయింది. పేరు ‘మూత పెట్టిన కంచం’. రెండు రోజులుగా జాక్సన్ ఊళ్ళో ఏ కారు పక్కనుంచి వెళ్ళినా అవే డ్రమ్ములు. కారు డిక్కీ మూత గడగడలాడకపోతే ఈ ఊళ్ళో దాన్ని ఆల్బం అనరు. వెర్నెటా అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా విన్నది గానీ, కూర్చుని మొత్తం వినడానికి తీరికెక్కడిది? శుక్రవారం తను పనిచేసే స్కూలు క్యాంటీన్‌లో నాలుగు వందల మందికి చేపలు. శనివారం చర్చిలో ఒక పెద్దాయన చావు భోజనం, దానికి బంగాళాదుంపలు ఉడకబెట్టింది కూడా ఈవిడే. తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి నాలుగో పాట అయిపోయి, డ్రమ్ములు ఆగి, స్పీకర్లోంచి ఆమె గొంతు వచ్చింది. ఎప్పుడో ఫోన్లో వదిలిన సందేశం.

“మార్కెల్, నాన్నా, అమ్మనురా. మీ నాన్నకి కంచంలో పెట్టి, మూతేసి, అవెన్‌లో ఉంచాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉంచుతూనే ఉన్నాను. ఆయనెప్పుడొస్తాడో ఆ దేవుడికే తెలియాలి. నేను మాత్రం ఈ మెట్ల మీదే కూర్చున్నాను. ఎక్కడికీ పోలేదు.”

తరువాత ఒక ఊపిరి. ఆ ఊపిరి మీద దబ్బున డ్రమ్ము పడి, ఐదో పాట మొదలయింది.

“చూశావా! నా కంచం గురించి లోకమంతా వింటోంది,” అని ఆల్టన్ తొడ చరుచుకుని నవ్వాడు. “మంచి చోట ఆపాడు మనవాడు.”

వెర్నెటా మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. మూడోసారి కడగకుండానే ఆకు తరిగేసింది.

ఆ సందేశం ఆమెకు బాగా గుర్తుంది. ఏడు నెలల కిందట, అక్టోబరులో ఒక గురువారం వదిలింది. ఆ ఊపిరి తరువాత ఆగలేదు. “ఇక నా వల్ల కాదురా. శనివారం మీ నాన్న చర్చి పెద్దల, అదే డీకన్ల, సమావేశానికి పోతాడు. పదింటికి ట్రక్కు తీసుకుని రా. నన్ను హటీస్‌బర్గ్‌లో పిన్ని దగ్గర దింపు. నేనీ ఇంట్లోంచి వెళ్ళిపోతున్నాను,” అంది. బస్సులు లేక కాదు. కన్నకొడుకు తన చేత్తో తీసుకుపోతే ఊరు వేలెత్తి చూపదని ఆమె ఆశ. చెల్లెలు గది కూడా ఊడ్చి ఉంచింది. శనివారం రెండు పెట్టెలూ, అమ్మమ్మ కుట్టిన బొంతా వరండాలో పెట్టుకుని పది నుంచి కూర్చుంది. పదకొండయింది. పన్నెండయింది. ట్రక్కు రాలేదు గానీ, ఎప్పుడూ మూడింటికి గానీ రాని ఆల్టన్ ఆ రోజు పన్నెండున్నరకే వచ్చాడు. పెట్టెలు చూసి “ఏంటివి?” అంటే, “చర్చికి ఇచ్చే పాత బట్టలు,” అంది. “అయితే నా పాత కోటు కూడా వెయ్యి,” అని లోపలికి పోయి టీవీ పెట్టుకున్నాడు. సాయంత్రం మార్కెల్‌కు ఫోను చేస్తే, “ఫోను నీళ్ళలో పడిందమ్మా, ఇప్పుడే బాగయింది, వారం నుంచి ఏ సందేశాలూ రాలేదు. ఏమన్నా అర్జంటా?” అన్నాడు. అర్జంటేం లేదంది. అది దేవుడు చెప్పిన జవాబనుకుని పెట్టెలు విప్పి, మడతలు దులిపి, బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. ఏడు నెలలు ఆ జవాబునే నమ్ముకుని కంచాలకు మూతలు వేసింది.

ఇప్పుడు చూస్తే జవాబు దేవుడిది కాదు. సందేశం అందింది. అందితే, ట్రక్కు మాటేమయింది? సరే, పిల్లవాడు భయపడి అబద్ధమాడాడనుకుందాం. ఆల్టన్ సంగతేమిటి? ‘మంచి చోట ఆపాడు’ అన్నాడు. తరువాత ఇంకా ఉందని తెలియనివాడికి ఆపాడన్న మాట నోట్లోకి ఎలా వస్తుంది? ‘మంచి చోట అయిపోయింది’ అనాలి కదా. ఇంతింత ముక్కలు పట్టుకుని వేలాడుతున్నానేమిటని తనను తానే తిట్టుకుంది. మళ్ళీ ఆ ముక్క దగ్గరికే వెళ్ళింది. అవతల ఆయన అదే పాట నాలుగోసారి వింటున్నాడు, ప్రతిసారీ ఆమె గొంతు దగ్గర శబ్దం పెంచి.

సోమవారం క్యాంటీన్‌లో వేరే మాట లేదు. పళ్ళేలు పట్టుకుని వరుసలో వచ్చిన ప్రతి పిల్లాడూ ఒక విమర్శకుడే. రెండో పాటలో బేసు బ్రహ్మాండం, ఆరో పాట అట్లాంటా వాళ్ళ కాపీ, మొదటి ఆల్బంలో ఉన్న ఆకలి ఇందులో లేదు, కాదు ఇందులోనే ఉంది, అని లైను కదలనివ్వకుండా కొట్టుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. “ఆంటీ, మీ ముక్క దగ్గర మా అమ్మ ఏడ్చేసింది,” అన్నాడొకడు. పక్కన మక్కరొట్టె వడ్డిస్తున్న లూడీ, ఇరవై ఏళ్ళ నేస్తం, కళ్ళొత్తుకుంది.

“న్యూయార్క్ పత్రికలో ఏం రాశారో చదివావుటే? ‘ఈ తల్లి నిరీక్షణే ఆల్బానికి వెన్నెముక’ అట. పదికి ఎనిమిదిన్నర ఇచ్చారు. అందులో సగం నీ గొంతుకే ఇచ్చుంటారు.”

“లూడీ, ఆ ముక్క వింటే నీకేమనిపించింది?”

“ఏమనిపిస్తుందే? ఇలాంటి ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ దక్షిణాది నిలబడిందనిపించింది. నేనయితే ఆ కంచం ఎత్తి వాడి నెత్తిన వేసేదాన్ని. నీకంత ఓర్పు ఎలా వచ్చిందే తల్లీ!”

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి, తలకు వల, చేతులకు తొడుగులతోనే ఆమెను పిల్లల ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. తొమ్మిదేళ్ళుగా ఆయన ఆమెను పిలిచిన పేరు ‘లంచ్ లేడీ’. ఈ రోజు ‘మన ఓర్పుగల అమ్మ’ అయింది. పేరు మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలియదు. చప్పట్ల మధ్య నిలబడి ఉంటే ఆమెకు కొత్త అనుమానం పుట్టింది. ఇంతమంది విన్నారు, ఇంతమందికి ఒకటే వినిపించింది. తను నిజంగా ఆ మిగతా మాటలు అన్నదా? లేక అనాలనుకుని గుటక మింగిందా? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మరి ఆ మాట పెదవి దాటి ఎక్కడికి పోయింది? తన తల్లి ఆసుపత్రిలో చివరి వారం గడుపుతున్నప్పుడు కూడా ఆల్టన్ ఫోను చేసి, “అవెన్ ఖాళీగా ఉందేం?” అని అడిగాడు. అది కూడా తన ఊహేనా? ఆ రోజు ఇంటికి వెళ్ళాక బొంత తీసి చూసింది. వరండాలో పెట్టినప్పుడు నేల చెక్కల నుంచి అంటిన రంగు మరక అంచున అలాగే ఉంది. దాన్ని వేలితో రుద్ది చూసుకుని కాస్త ఊపిరి తీసుకుంది.

మంగళవారం ఊరి పత్రికలో హోసియా టేట్ రాసింది వచ్చింది. ఆయనకు డెబ్భై దాటాయి. నలభై ఏళ్ళుగా పాటల మీద రాస్తున్నాడు, ఇంతవరకు ఎవరినీ సుఖపెట్టలేదు. డ్రమ్ములు బాగున్నాయన్నాడు, మార్కెల్‌కు మాట మీద పట్టుందన్నాడు. ఆ తరువాత ఇలా రాశాడు: “కానీ తల్లి సందేశం దగ్గర నాకు అనుమానంగా ఉంది. ఆవిడ చివర ఊపిరి పీల్చింది. మాట ముగించిన మనిషి ఊపిరి వదులుతుంది, పీల్చదు. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది. ఎవరో కోసేశారు. అది వినేదాకా ఈ ఆల్బానికి నేను మార్కులు వెయ్యను.”

ఇక అభిమానులు ఊరుకుంటారా? సాయంత్రానికి ముసలాడికి చెవుడన్నారు, మతిపోయిందన్నారు, ఎదిగిన నల్లపిల్లాణ్ణి చూసి కుళ్ళన్నారు, కన్నతల్లి ప్రేమను అనుమానించే పాపాత్ముడన్నారు. వెర్నెటా క్యాంటీన్ వెనక, ఖాళీ పాల డబ్బాల పక్కన కూర్చుని ఆ వాక్యాలు ఆరుసార్లు చదివింది. ముఖమైనా చూడని మనిషి. లోకంలో తన మాట మొత్తం విన్నవాడు ఆయనొక్కడే, అదీ వినకుండా. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

బుధవారం మార్కెల్ వచ్చాడు. తండ్రి బయట కారు కడుక్కుంటున్నాడు. కొడుకు వంటింటి బల్ల దగ్గర కూర్చోగానే చేతులు అలవాటు కొద్దీ వాడికి పళ్ళెం పెట్టాయి.

“అమ్మా, ఆ ముసలాడు నా పరువు తీస్తున్నాడు. రేపు నాలుగింటికి రేడియోలో రోడెల్ నీతో మాట్లాడతాడు. లైవ్. టేట్ కూడా ఫోన్లో ఉంటాడు. ‘అంతే అన్నాను, ఇంకేం లేదు’ అని ఒక్క ముక్క చెప్పు చాలు.”

“ఇంకేం లేదురా?”

వాడు చికెన్ ముక్క వైపు చూశాడు.

“ఫోను నీళ్ళలో పడిందన్నావు. నీళ్ళలోంచి నా గొంతొక్కటే ఈదుకుంటూ వచ్చిందా?”

“అమ్మా…”

“సగమే ఈదిందా?”

“విన్నాను. ఆ రోజే విన్నాను. భయమేసింది. ఎవరి పక్కన నిలబడాలో తెలీక నాన్నకి వినిపించాను.”

“మొత్తమా?”

“మొత్తం.”

“ఎప్పుడు?”

“మర్నాడే. శుక్రవారం.”

వెర్నెటా పొయ్యి కట్టేసింది. శుక్రవారం. అయితే శనివారం పన్నెండున్నరకు వరండాలో పెట్టెలు చూసి ‘ఏంటివి’ అని అడిగినవాడికి అవేమిటో తెలుసు. తెలిసే కోటు వెయ్యమన్నాడు. అబద్ధమాడుతున్న మనిషిని చూస్తూ, లోలోపల నవ్వుకుంటూ, టీవీ పెట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఆ కోటు ఒక ఎత్తు.

“ఏమన్నాడు మీ నాన్న?”

“‘దానికి అప్పుడప్పుడూ ఇలా వస్తుంటుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, నువ్వు వెళ్ళకు’ అన్నాడు. తర్వాత ఆల్బం అప్పుడు పక్కనే కూర్చుని విన్నాడు. ‘ఎక్కడికీ పోలేదు’ దగ్గర ఆపు, అక్కడే బాగుంది అన్నాడు.”

“నీకేమనిపించింది?”

“నిజం చెప్పనా? నాకూ అక్కడే బాగుందనిపించిందమ్మా. నీ గొంతు అక్కడ ఎంత అందంగా ఉందో నీకు తెలీదు.” పళ్ళెం ముందుకు జరిపాడు. “ఇంకాస్త ఆకు పెట్టవా?”

పెట్టింది. ఇద్దరు మగవాళ్ళు కూర్చుని, తన మాట ఎక్కడిదాకా బాగుందో ఎక్కణ్ణుంచి బాగులేదో తేల్చుకున్నారు. ఒకడు కట్టుకున్నవాడు, ఒకడు కన్నవాడు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఏడు నెలలుగా ఛాతీ మీద కూర్చున్న దేవుడి జవాబు మాత్రం లేచి వెళ్ళిపోయింది. అక్కడ చోటు ఖాళీ అయింది.

“వస్తాలే,” అంది. “రేపు నాలుగింటికి కదూ?”

గురువారం స్టూడియోకు ఆల్టన్ చర్చి సూటు వేసుకుని వచ్చాడు. దారి పొడుగునా పాఠం చెప్పాడు. “క్లుప్తంగా మాట్లాడు వెర్నీ. నువ్వు మొదలెడితే ఆపవు.” అద్దాల గదిలో ఆమెకు అటు మొగుడు, ఇటు కొడుకు. ఎదురుగా రోడెల్, ముందు మైకు. ఊళ్ళో సగం మంది వింటున్నారని చెప్పారు. చొక్కా ఇస్త్రీ లేదని ఆల్టన్ పొద్దున విసుక్కున్నది గుర్తొచ్చి, ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది.

అభిమానులు ముగ్గురు ఫోను చేసి టేట్‌ను దులిపేశారు. ఒకావిడైతే, “ఆ తల్లి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవయ్యా!” అంది. అంతా అయ్యాక టేట్ గొంతు నెమ్మదిగా వచ్చింది.

“అమ్మా, మీరు నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి, నాకలవాటే. నాదొక్కటే ప్రశ్న. ఆ ఊపిరి తరువాత ఏమైనా ఉందా?”

బల్ల కింద ఆల్టన్ ఆమె మోకాలు మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆమె ఆ చేతిని రెండు వేళ్ళతో ఎత్తి, ఆయన ఒళ్ళో పెట్టింది.

“ఉందండీ. ‘ఇక నా వల్ల కాదు, శనివారం పదింటికి ట్రక్కు తీసుకుని రా, నేనీ ఇంట్లోంచి వెళ్ళిపోతున్నాను’ అన్నాను. మావాడు విన్నాడు, మా ఆయనా విన్నాడు. ఎక్కడ ఆపాలో వాళ్ళే ఆపారు.”

“వెర్నీ!” అన్నాడు ఆల్టన్. మార్కెల్ తల వంచుకున్నాడు. రోడెల్ ముందున్న కాగితాలు పక్కకు నెట్టి ఆమె వైపు తిరిగాడు.

“మరి… మరి ఇప్పుడేం చెప్పాలనుకుంటున్నారమ్మా, మన శ్రోతలకి?”

వెర్నెటా మైకు దగ్గరికి జరిగింది.

“ఆ శనివారం ట్రక్కు రాలేదండీ. వింటున్నవాళ్ళలో ఎవరికైనా ట్రక్కుంటే, ఎల్లుండి పదింటికి రండి. అడ్రసు చెబుతాను, రాసుకోండి.”