బొమ్మకెక్కిన రాయి

మార్కాపురంలో ఇప్పుడు పునాది తీయకముందే ఇంటి బొమ్మ వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సోమలింగాలను కంప్యూటర్లో పుట్టించేది అన్నపూర్ణ. కంభం రోడ్డులో ఒక ఇంజనీరు ఆఫీసులో త్రీడీ ఎలివేషన్లు చేస్తుంది. కట్టబోయే ఇంటిని కట్టేసినట్టే చూపించడం ఆమె విద్య. గోడ మీద సాయంత్రపుటెండ పరచాలన్నా, వాన వెలిసిన తడి మెరుపు తేవాలన్నా ఆమె తర్వాతే ఎవరైనా. ఆ విద్యే ఆమె కొంప ముంచింది.

ఆమె నాయన వీరభద్రయ్యది పలకల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అనడం పేరుకే, ఉన్నదల్లా ఒక రేకుల షెడ్డు, కోత మిషన్లు. బడిపిల్లలు పలకలు మానేశాక అదే పలకరాయిని గోడలకు అతికించే బిళ్ళలుగా కోసి అమ్మేవాడు. వాటిని అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. చుట్టుపక్కల షెడ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నా ఆయన మాత్రం పొద్దున్నే పోయి తలుపు తెరిచి కూర్చునేవాడు. ఆ ఏడు ఒక పెద్ద ఆర్డరు రాకపోతే ఇక షెడ్డు లేనట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసే, అన్నం దగ్గర వంకాయ కూర గురించి మాట్లాడుకునేవాళ్ళు.

అప్పుడు ఆమె ఆఫీసుకొచ్చాడు చంద్రశేఖరరావు. గిద్దలూరులో బట్టల వ్యాపారి, కల్యాణమండపం కట్టిస్తున్నాడు.

"ముందర గోడ చూసినోళ్ళు నోరు తెరవాల పాపా," అన్నాడు.

"మన మార్కాపురం రాయే వేద్దాం చిన్నాయనా," అంది అన్నపూర్ణ.

కంప్యూటర్లో రెడీమేడ్ రాళ్ళు బోలెడుంటాయి. ఏ దేశపు కొండవో ఎవరికి తెలుసు! అవి ఆమె కంటికి ఆనలేదు. నాయన చేత షెడ్డులోని మేలిరకం బిళ్ళలు ఏరించింది. నీలి నలుపువి, బూడిదరంగువి, ఆకుపచ్చ జీర ఉన్నవి, తుప్పురంగు మబ్బు పట్టినది ఒకటి. ఆయన ఒక్కొక్కదాన్నీ తడిగుడ్డతో తుడిచి, పసిబిడ్డను అందించినట్టు అందించాడు. ఆమె నీడ పడకుండా అన్నిటికీ ఫొటోలు తీసి, ఆ ఫొటోలనే బొమ్మలోని గోడకు అతికించింది. పూర్తయ్యాక చూసుకుంటే ఆమెకే ఒళ్ళు పులకరించింది. తెర మీద చెయ్యి పెడితే గరుకు తగులుతుందేమో అనిపించింది.

చంద్రశేఖరరావు ఆ బొమ్మను చుట్టాలందరికీ పంపాడు. "ఇదే గోడ కావాల. అచ్చం ఇదే," అన్నాడు. ఆ మాట మీద వీరభద్రయ్య, వేరే పనులకు పోయిన పాత పనివాళ్ళను పిలిపించి రాయి కోయించడం మొదలుపెట్టాడు. మనవైపు మాటే కాగితం.

కొన్నాళ్ళకు రావు మళ్ళీ వచ్చి, "ఆ రాళ్ళ ఫొటోలు గూడా ఫుల్ క్లారిటీతో పెన్‌డ్రైవ్‌లో ఎక్కియ్యి పాపా," అన్నాడు. మేస్త్రీకి రాళ్ళు ఏరుకోవడానికి కాబోలనుకుని, మురిసిపోతూ అన్నీ ఎక్కించి ఇచ్చింది. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. పెన్‌డ్రైవ్ నేరుగా ఒక టైల్స్ కంపెనీకి పోయింది. ఫొటో ఇస్తే చాలు, టైలు మీద అచ్చుగుద్ది ఇస్తున్నారు ఇప్పుడు.

ముందర గోడ అయిపోయిందని ఎవరో చెబితే, మన రాయి పోకుండానే ఎట్లా అయిందని తండ్రీకూతుళ్ళు గిద్దలూరు బస్సెక్కారు. గోడ బొమ్మలో ఉన్నట్టే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. వీరభద్రయ్య దగ్గరికి పోయి, తుప్పురంగు మబ్బు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి నున్నగా జారింది. పక్కకు జరిగితే మళ్ళీ అదే రాయి. పైనా అదే, మూలనా అదే.

"ఇది మన రాయే గదమ్మా," అన్నాడు. "ఇట్లాంటిది ఒక్కటే గదా ఉండింది?"

ఇంతలో చంద్రశేఖరరావు నవ్వుతూ ఎదురొచ్చాడు. అతని మనసులో కల్మషమేమీ లేదు, అదే అన్నపూర్ణకు మరీ మంట.

"నువ్వు చేసిచ్చిన బొమ్మ లెక్కనే వచ్చింది పాపా! రాయి అయితే పెచ్చులు లేస్తాదంట. ఇది గుడ్డతో తుడిస్తే సరిపోతాది. ఏందన్నా, బాగలేదా?"

"బాగుంది," అన్నాడు వీరభద్రయ్య.

తిరుగు బస్సులో ఆయన ఆమెకు కిటికీ పక్కన చోటిచ్చి, వేరుశనక్కాయలు కొనిచ్చాడు. తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. తప్పెవరిదని ఎటు తిరిగి వెతికినా చివరికి తన దగ్గరికే వచ్చి ఆగుతోంది.

కోసిన రాయిని ఎవరూ కొనలేదు. షెడ్డు మూతపడింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని, ఏదో దుకాణంలో కుదిరానని చెప్పాడు నాయన. ఏ దుకాణమని అడిగే మొహం ఆమెకు లేకపోయింది. అటు ఆ మండపంలో పెళ్ళిళ్ళకు పోయొచ్చిన ప్రతివాళ్ళకూ అలాంటి గోడే కావాల్సి వచ్చి, మార్కాపురంలోనే పెద్ద టైల్స్ షోరూం వెలిసింది.

ఒకరోజు కొనకనమిట్ల నుంచి వచ్చిన రైతు ఒకాయనకు టైల్స్ చూపించమని ఇంజనీరు పంపితే, అన్నపూర్ణ ఆయన్ను వెంటబెట్టుకుని ఆ షోరూంకి పోయింది. లోపల, కంపెనీ చొక్కా వేసుకుని, నాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ తుప్పుమబ్బు టైలు. కూతురిని చూసి కూడా చూపు తిప్పుకోలేదు.

రైతు టైలును అటూ ఇటూ తిప్పి, "ఎంతైనా ఇది నిజం రాయికి సాటొస్తాదా పెద్దాయనా?" అని అడిగాడు.

"నా బతుకంతా ఆ రాయే కోసినా నాయనా, నా మాట నమ్ము," అన్నాడు వీరభద్రయ్య. "దానికీ దీనికీ ఏం తేడా లేదు."