జోబుల కుండ

నేను ఒక కుండను. అలా అనగానే మీరు నీళ్ల కుండనో, అన్నం కుండనో ఊహించుకుంటారు. అవేవీ కాదు. నా ఒంటి చుట్టూ జోబులున్నాయి. ఒక్కో జోబులో ఒక్కో స్ట్రాబెర్రీ మొక్క, నెత్తిన ఇంకో రెండు. చొక్కాకు ఒక్క జోబుంటేనే అందులో పెన్ను పెట్టుకుని మీరు అంత గొప్పలు పోతారే, నాకు ఒళ్లంతా జోబులే! గొప్పలు పోయిన రోజులు నాకూ ఉన్నాయి. ఇప్పుడు మాత్రం కడుపు మండిపోతోంది. ఎందుకో చెబుతాను, వినండి.

పలమనేరు పక్కన ఒక పల్లెలో మునెప్ప అనే కుమ్మరి నన్ను చేశాడు. మదనపల్లె నుంచి వచ్చిన నర్సరీ యజమాని ఒకాయన సెల్లులో బొమ్మ చూపించి, ఇలాంటివి కావాలని అడిగాడు. మునెప్ప మొదట ఒప్పుకోలేదు.

"ఏంది సామీ, కుండకు చిల్లులు పెట్టమంటావు? చిల్లు పడకుండా చేసేదానికే మా తాతల కాలం నుంచి నానా పాట్లు పడతా ఉండాం. చిల్లుల కుండ యాడ వాడతారో నీకు తెల్దా?"

యాడ వాడతారో మీకు మాత్రం తెలియదా? శ్మశానంలో. కర్మ చేసేవాడు నీళ్ల కుండను భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతుంటే, ఒక్కో చుట్టుకూ వెనక నుంచి ఒకరు దానికి చిల్లు పెడతారు. నీళ్లు ధారగా కారిపోతాయి. ఆఖరికి కుండను వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా వెళ్లిపోతారు. నా జాతిలో ఆ పనికి పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. అది చిన్నతనమని నేననను. ఎవరో ఒకరు చేయాల్సిన పనే అది. కానీ నేను పుట్టింది అందుకు కాదు.

బేరం కుదిరాక మునెప్ప నా పక్కల్ని పచ్చిగా ఉండగానే అడ్డంగా కోశాడు. లోపలి నుంచి బొటనవేలితో నొక్కి ఒక్కో కోతనూ పెదవిలా బయటికి తెరిచాడు. "ఇవి చిల్లులు గావులే, జోబులు" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తరువాత ఆవంలో పెట్టి కాల్చాడు. కాలి గట్టిపడ్డాను కాబట్టి ఇక నన్నెవరూ ఏమీ చేయలేరనుకున్నాను. పిచ్చిదాన్ని.

నర్సరీలో నన్ను చూసి ముచ్చటపడి కొన్నది హైమవతి. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. భర్త దామోదరానికి టమాటా మండీలో కమీషన్ వ్యాపారం. నేను వాళ్ల ఇంటి మేడెక్కిన రోజే అత్తగారు నాగరత్నమ్మ మూతి ముడిచింది.

"ఏమ్మే హైమా, ఇదేం కుండమ్మే? ఇంట్లో పెట్టుకునే కుండేనా ఇది?"

"కుండకు ప్రాణాలు తీసే శక్తి ఉంటే ఇంక రోగాలెందుకత్తా? ఇది చెట్లు పెట్టుకునే తొట్టి. అంతే."

ఆ ఒక్క మాటతో హైమవతికి నేను అమ్ముడుపోయాను. నర్సరీలో అమ్ముడుపోవడం వేరు, ఇది వేరు. నా తరఫున నోరు తెరిచి మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు కలిపి, కింది జోబు వరకు నింపింది. మొక్కను లోపలి నుంచి తోసి ఆకులు మాత్రం బయటికి లాగింది. మళ్లీ మట్టి, మళ్లీ మొక్క. మొక్క మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుందని ఎంత జాగ్రత్తగా సర్దిందో! అన్నీ తెలిసిన ఆ మనిషి ఒక్కటి మరిచిపోయింది. నా నడుమ నీళ్లు దిగడానికి ఒక గొట్టం పెట్టాలి. అది పెట్టలేదు. పైనుంచి చెంబుతో నీళ్లు కుమ్మరిస్తే కింది మొక్కల దాకా దిగకుండా పై జోబుల్లోంచి ధారలు కట్టేవి. నాగరత్నమ్మ మొహం తిప్పుకునేది. దామోదరం మాత్రం పగలబడి నవ్వేవాడు.

"అమ్మా, చూడు, బాటనీ మేడం కుండకు తలంటు పోస్తా ఉండాది!"

కింది మొక్కలు వడలిపోయినా పైవి కాశాయి. మొదటి పండును హైమవతి అత్తగారి నోట్లో పెట్టింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని నమిలి, "పుల్లగా ఉండాది. అయినా బాగుండాది" అంది. మరునాటి నుంచి ఆవిడే కర్ర పట్టుకుని నా చుట్టూ ఉడతలను తోలడం మొదలుపెట్టింది. మనుషులకు నాలుక మీద రుచి పడితే చాలు, నాలుక మీది మాట మారిపోతుంది.

మాఘమాసంలో దామోదరానికి మండీలోనే గుండెనొప్పి వచ్చింది. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇంట్లో వంట లేదు, దీపం లేదు. హైమవతితో పాటు పనిచేసే పర్వీన్, రసాయనశాస్త్రం చెప్పే ఆవిడ, నాగరత్నమ్మకు రోజూ క్యారియర్ తెచ్చి ఇచ్చేది. కాలేజీలో హైమవతి క్లాసులూ తనే చెప్పింది.

బట్టలకని హైమవతి ఒక పొద్దున ఇంటికొచ్చింది. ఆమె కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. వాడిపోయిన నా మొక్కల్ని చూసి, అలవాటుగా చెంబెడు నీళ్లు పోసింది. జోబుల్లోంచి ధారలు కారాయి. ఆమె చేతిలోని చెంబు జారిపోయింది. నావైపే చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది. మంగళసూత్రాలు పైకి తీసి కళ్లకద్దుకుంది.

నాకు అర్థమైంది. ఆ క్షణంలో ఆమెకు నేను స్ట్రాబెర్రీల తొట్టిని కాను. అత్త నమ్మితే కోపం వచ్చేది కాదు. ఎవరూ ఏమీ అనకుండా, తనకు తానే, నా తరఫున వాదించిన నోటితోనే ఏవేవో దేవుళ్ల పేర్లు గొణుక్కుంటూ మెట్లు దిగింది. అంతగా భయపడిన మనిషిని తప్పుపట్టాలా? పడతాను. నాకు ఆ హక్కుంది.

పగలగొడదామంటే అదింకా అరిష్టం. ఉంచుకుందామంటే భయం. అందుకని ఆటో పిలిపించి నన్ను ఎక్కించింది. మెట్ల దగ్గర నిలబడి లోపలికి కేకేసింది. "అత్తా, జరపబోతే జారి పగిలిపోయింది కుండ!" లోపల నాగరత్నమ్మ "అయ్యో, కాయలు గూడా ఉన్యాయి గదమ్మే!" అని నొచ్చుకోవడం నాకు వినిపించింది. పగలకుండా ఆటోలో కూర్చుని నా చావు కబురు నేనే విన్నాను.

నన్ను దింపింది పర్వీన్ ఇంటి ముందు.

"మా మేడ మీద ఎండెక్కువ పర్వీన్. నువ్వు చేసిందానికి నేనేం ఇచ్చినా తక్కువే. ఇది ఉంచుకో."

పర్వీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్ల కూతురు సనా నా జోబుల్లో చేతులు పెట్టి చూసింది. పర్వీన్ సన్నటి ప్లాస్టిక్ గొట్టానికి బెజ్జాలు పొడిచి నా నడుమ దింపింది. నీళ్లు అడుగుదాకా దిగాయి. మొక్కలు వడలిన జోబుల్లో కొత్తవి నాటింది. ఎండలు ముదిరేలోపు ఎప్పుడూ కాయనంతగా కాశాను. కసితో కాశానంటే మీరు నమ్మాలి.

దామోదరం కోలుకున్నాక పర్వీన్ ఆ దంపతులిద్దరినీ భోజనానికి పిలిచింది. భోజనాలయ్యాక, "రండి సార్, మేడ మీద చూద్దురు" అంది.

"ఈయన మెట్లెక్కకూడదు" అంది హైమవతి గబగబా.

"డాక్టరు నడవమన్నాడులే" అని ఆయన నెమ్మదిగా ఎక్కేశాడు.

నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఒక పండు తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఏం తీపిగా ఉండాయి! మాకూ అచ్చం ఇట్లాంటి కుండే ఉన్నిందమ్మా. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు పగిలిపోయిందంట. గదా హైమా?"

పర్వీన్ ఆశ్చర్యంగా హైమవతి వైపు చూసింది. హైమవతి నన్ను చూసింది. నా పెదవుల్ని వేళ్లతో తడిమి, మొక్కలు సర్దిన మనిషి!

"ఆ, ఇట్లాంటిదే. పగిలిపోయింది" అంది.

ఆయన సనా చేయి పట్టుకుని కిందికి దిగేదాకా పర్వీన్ ఆగింది. వాళ్ల కోసం కోసిన పండ్ల డబ్బా ఆమె చేతిలోనే ఉంది.

"పగిలిందని ఎందుకు చెప్పినావు హైమా?"

హైమవతి నా మీంచి చూపు తప్పించి, "అది చిల్లుల కుండ కదా... ఆయన అప్పుడు చావుబతుకుల్లో ఉండె. చాలా భయమేసింది. మీకైతే ఇట్లాంటివి పట్టవు కదా అని..." అంది.

"మా ఇండ్లల్లో మనుషులు చావరా హైమా?"

హైమవతి కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. పర్వీన్ మళ్లీ రమ్మని అనలేదు.

నన్ను మోసం చేసింది, సరే, మట్టిదాన్ని. నాకు చావు అంటగట్టి, నన్ను తెచ్చి కానుకని ఒక స్నేహితురాలి చేతుల్లో పెట్టడం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. పర్వీన్ నన్ను కూడా పంపేస్తుందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను. ఆమె నా పక్కన పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. డబ్బా మూత తీసి, హైమవతి కోసం కోసిన పండ్లను ఒక్కొక్కటే తినసాగింది. అవి తీయగానే ఉండి ఉంటాయి. ఆమె ముఖం చూస్తే మాత్రం అలా అనిపించలేదు.