మెహరున్నీసా ఫైలు

కారు ఎక్కేముందు చెప్పులు దులుపుకోమన్నాడు వాజిద్. అది రెండేళ్ళు ఎవరో వాడిన కారే. అయినా కొత్తదానిలా కనపడాలని తెల్లటి సీటు కవర్లు కుట్టించి, వాటి మీద మళ్ళీ ప్లాస్టిక్ తొడిగించాడు. ఆదోనిలో పాత కార్లు కొని అమ్మడం అతని పని. ఆ రోజు ఎమ్మిగనూరులో వాళ్ళ చిన్నాయన మనవరాలి నిశ్చితార్థం. దానికి పత్తిమిల్లు యజమాని ఒకాయన వస్తున్నాడు. పన్నెండుకు వచ్చి, షర్బత్ తాగి, పన్నెండున్నరకు వెళ్ళిపోతాడట. ఆ అరగంటలో ఈ కారు ఆయన కంట్లో పడాలి.

"ఉంగరం ఎవరైనా తొడుగుతారు బావా. కారు చూపిచ్చేది మాత్రం నేనే గదా" అన్నాడు.

వాజిద్ నా భార్య మెహరున్నీసాకు తమ్ముడు. ఆమె పోయి మూడేళ్ళయింది. నేను మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. శుభకార్యాలకు వాజిదే వచ్చి నన్ను పిలుచుకుపోతాడు. ఒంటరి మనిషినని అతనికి జ్ఞాపకముంది, అందుకు నాకు కృతజ్ఞత ఉంది. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత చెప్పేదంతా వేరు.

వెనక సీట్లో అతని భార్య రుక్సానా, ఒళ్ళో మిఠాయి పళ్ళెంతో కూర్చుంది. బయలుదేరేసరికే పదకొండున్నర. ఊరు దాటగానే స్పీడు ముల్లు తొంభై దాటింది. రోడ్డుకు రెండు పక్కలా పత్తికట్టె పీకేసిన చేలు. ఒక ముసలాయన మోపెడ్ మీద జొన్నసొప్ప కట్టుకొని వస్తుంటే వాజిద్ హారన్ మీదినుంచి చెయ్యి తీయలేదు. ఆయన రోడ్డు దిగి, మట్టిలో కాళ్ళు ఈడుస్తూ ఆగాడు. సొప్ప సగం జారిపోయింది.

"సూడు సూడు, ఎట్ల దిగినాడో!" అని నవ్వాడు వాజిద్.

"నిదానంగా పో" అంది రుక్సానా.

"నిదానంగా పోతే ఎముకలే మిగుల్తాయి, బిర్యానీ కాదు."

"పోలీసులు ఉంటారు వాజిద్" అన్నాను.

"ఉండనీ బావా. వాళ్ళకు మందు ఉండాది నా దగ్గర." కారు ముందరి అర మీద వేళ్ళతో తట్టాడు.

మద్యం సీసా ఏమో అనుకొని నేను మొహం తిప్పుకున్నాను. అదే అయినా బాగుండేది.

సగం దారి దాటాక పోలీసులు రోడ్డుకు అడ్డంగా రెండు పసుపుపచ్చ బారికేడ్లు పెట్టి ఉన్నారు. పక్కన వేపచెట్టు కింద ఒక ఆటో, ఒక వైపు ఒరిగి, జాకీ మీద ఉంది. ఆటోకు అడ్డంగా ఒక చీర. ఎవరో ఉతికి ఆరేశారేమో అనుకున్నాను. హెడ్ కానిస్టేబుల్ చెయ్యెత్తి మా కారు వైపు వచ్చాడు. వచ్చాడు కాదు, పరిగెత్తాడు. పోలీసాయన ఒక బండి దగ్గరికి పరిగెత్తి రావడం నేనెప్పుడైనా చూశానా అని ఆ క్షణంలో అనుకోవలసింది. అనుకోలేదు.

ఆయన చొక్కా మీది పేరు ఓబన్న. ఆయన నోరు తెరిచేలోపలే వాజిద్ అద్దం దించాడు.

"అన్నా, అన్నా, దండం పెడతా. మా అక్కకు సీరియస్. ఎమ్మిగనూరు ఆసుపత్రిలో ఉండాది. కిడ్నీలు పోయినాయి. ఇదో ఫైలు సూడు." అర తెరిచి నీలం రంగు ఫైలు ఒకటి తీసి ఆయన చేతికిచ్చాడు. గొంతులో వణుకు కూడా తెప్పించాడు. "ఈయన మా బావ. ఆయమ్మ మొగుడు. కావాలంటే అడుగు."

ఓబన్న ఫైలు తెరిచి పేరు మాత్రం చదివాడు. "మెహరున్నీసా." తరవాత వంగి నన్ను చూశాడు. "నిజమేనా పెద్దాయనా?"

ఆ ఫైలు నేను గుర్తుపట్టాను. మూల మీద టీ మరక. వార్డులో ఎవరి చెయ్యో తగిలి నా గ్లాసు ఒలికిన మరక.

"మెహరున్నీసా నా భార్యే" అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. అంతకంటే అసహ్యమైన మాట నా నోట ఎన్నడూ రాలేదు.

ఓబన్న ఏదో అడగబోయి మానుకున్నాడు. ఒకసారి వేపచెట్టు వైపు చూశాడు. ఫైలు మూసి, రెండు చేతులతో ఇచ్చాడు. "మీకే ఆపద ఉంటే నేనేం అడుగుతాను! పోండి. కానీ అరవై దాటొద్దు తమ్ముడూ. నువ్వు యాడన్నా గుద్దితే మీ అక్కను చూసేది ఎవరు?" ఆయనే బారికేడు పక్కకు లాగాడు. నా వైపు వచ్చి, తన నీళ్ళ సీసా కిటికీలోంచి ఇచ్చాడు. "తాగండి సార్. మొహం పాలిపోయింది మీకు."

కారు కదిలింది. "దాంట్లో పెట్టు బావా" అని వాజిద్ ఫైలు నా ఒళ్ళోకి విసిరాడు. వెంటనే ఎనభై, తొంభై.

మూడేళ్ళ కిందట మెహరున్నీసాను కర్నూలు తీసుకుపోయినప్పుడు కారు నడిపింది వాజిదే. ఒకచోట లారీలు నిలిచిపోయి దారి లేకపోతే, ఒక కానిస్టేబుల్ మా ఫైలు చూసి, ఎండలో అటూ ఇటూ పరిగెత్తి, ఒక్కొక్క లారీనీ పక్కకు జరిపించాడు. ఆమె నాలుగు రోజులకు పోయింది. ఫైలు వాజిద్ దగ్గరే ఉండిపోయింది. అయినా ఆ కానిస్టేబుల్ గురించి నేను ఎంతమందికి చెప్పానో! వాజిద్ ముందర ఎన్నిసార్లు చెప్పానో! ఆ రోజు చూసినదాంట్లోంచి నేను నేర్చుకున్నది ఒకటి, వాడు నేర్చుకున్నది ఒకటి.

ఫైలు తెరిచాను. రోజూ నేను రాసిన షుగరు లెక్కలు, నా అక్షరాలు. చివరి కాగితం వెనక పెన్సిలుతో ఆమె రాసుకున్నది: 'ఆయన బీపీ మాత్రలు అయిపోతున్నాయి, వాజిద్‌కు చెప్పాలి.' వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటూ ఆమె పెట్టుకున్న బెంగ అది. ఆ కాగితం ఎన్ని బారికేడ్ల దగ్గర ఎంతమంది చేతులు మారిందో!

"ఎన్నిసార్లు చూపించినావు దీన్ని?" అన్నాను.

"నేనొక్కన్నే కాదులే బావా. మా బజార్లో అందరి బండ్లలో ఒకటి ఉంటాది. కరీం సాబ్ అయితే వాళ్ళ నాయన ఎక్స్‌రే పెట్టుకోని తిరుగుతాడు." నవ్వాడు. "అక్క ఉన్నప్పుడూ నన్ను కాపాడింది, పోయినాంకా కాపాడతాంది."

నేను అద్దం దించి, ఉమ్మేసి, మళ్ళీ ఎత్తాను.

వెనకనుంచి రుక్సానా మెల్లగా అంది: "ఆయన మనల్ని స్పీడుకు ఆపలేదు."

"మరి?"

"కారు అడగనీక వచ్చినాడు. ఆ ఆటోలో చీర అడ్డం పట్టుకున్నారు సూడు, ఆడ కాన్పు మనిషి ఉండాది. పక్కకు పోయేటప్పుడు నాకు కాళ్ళు కనపడినాయి. చీరకు నెత్తురు."

వాజిద్ ఆ మాట విన్నాడు. ముల్లు మాత్రం దిగలేదు.

"తిప్పు" అన్నాను.

"ఇంకెవరన్నా వస్తారు బావా. 108 ఉండాది."

"108 ఉంటే ఆయన మనకెందుకు అడ్డం వస్తాడు? తిప్పు."

"ఇప్పుడు పోయి ఏమని సెప్తావు? మా అక్క సచ్చిపోయి మూడేండ్లాయె, ఊరికే అన్నాననా? బొక్కలో వేస్తాడు. ఈ సీట్లు సూడు, తెల్లవి!"

"ప్లాస్టిక్ ఉండాది గదా" అంది రుక్సానా. "కడుక్కుందువులే."

"నువ్వు నోర్మూసుకో."

అక్క పేరు చెప్పి చూశాను. దేవుడి పేరు చెప్పి చూశాను. వాడు గడియారం చూసుకుంటున్నాడు. చివరికి అన్నాను: "సరే, పద. ఆ మిల్లు యజమాని ముందర ఈ ఫైలు తెరిచి, ఇది ఎవరిదో, దీంతో నువ్వు ఏం చేస్తావో నేనే చెప్తాను. తరవాత ఆయన నీ దగ్గర కారు కొంటాడేమో చూద్దాం."

వాజిద్ బ్రేకు వేశాడు. చచ్చిపోయిన అక్క చేయలేని పని బతికున్న గిరాకీ చేశాడు. కారు తిరిగింది. ముల్లు ఎంత చూపిస్తున్నా, నాకు మాత్రం ఆ దూరం ముందుకు పోయినదానికంటే రెండింతలు అనిపించింది. మొత్తం పది నిమిషాలు పోయాయి. అందులో సగం వాజిద్‌వి. మిగతా సగం, ఆ ఫైలు చూస్తూ కూర్చున్నవి, నావి.

ఓబన్న మమ్మల్ని చూసి ఒక్క ప్రశ్న అడగలేదు. "ఎక్కించండి, ఎక్కించండి" అని మాత్రం అరిచాడు. ఆటో నడిపే గిడ్డయ్య, ఓబన్న కలిసి ఆ పిల్లను ఎత్తుకొచ్చారు. పేరు మంజుల. ఇరవై ఏళ్ళుంటాయేమో. మొగుడు మిరపకోతలకు గుంటూరు వైపు పోయాడట. వెంట ఉన్నది తల్లి భీమక్క ఒక్కతే. 108 నందవరం వైపు ఎవరికోసమో పోయింది, ముప్పావుగంట అన్నారు. ఆటో టైరు ఇక్కడ పగిలింది.

రుక్సానా మిఠాయి పళ్ళెం రోడ్డు పక్కన పెట్టేసి, మంజుల తలను ఒళ్ళో పెట్టుకుంది.

ఓబన్న వాజిద్ కిటికీ మీద చెయ్యి వేశాడు. "నా మోటారు సైకిలు ముందర పోతాది. దాని వెనకే రావల్ల. అరవై దాటొద్దు. గుంత వస్తే ఇరవై. ఈ పిల్లను ఎగరేసినావంటే నువ్వే చంపినట్ల."

బిర్యానీ కోసం తొంభై మీద పోయిన దారిలో, చావుబతుకుల మనిషిని పెట్టుకొని యాభై మీద పోయాం. వాజిద్ రెండుసార్లు తొందరపడ్డాడు. ఆమె మీద జాలితో కాదు, కారులోంచి దింపుకోవాలని. రెండుసార్లూ ఓబన్న వెనక్కి తిరక్కుండా చెయ్యి కిందికి ఊపాడు. ఎదురొచ్చిన ప్రతి లారీనీ పక్కకు ఆపాడు. వెనక మంజుల అరుపు ఆగి, మూలుగు మిగిలింది. ప్లాస్టిక్ చప్పుడు చేస్తూనే ఉంది. "కండ్లు మూయొద్దమ్మా, నన్ను సూడు, నా పేరేంది సెప్పు?" అని రుక్సానా దారిపొడుగునా అడుగుతూనే ఉంది. కట్టుకున్నది నిశ్చితార్థం చీర అని ఆమెకు జ్ఞాపకం లేదు.

ఆసుపత్రిలో స్ట్రెచర్ లోపలికి పోయాక ఓబన్న నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. ఫైలు ఇచ్చాను. ఈసారి తేదీలు చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఆయమ్మ లేదు గదా సార్?"

"లేదు."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి. "రేపు ఎవరన్నా నిజంగా ఫైలు పట్టుకోని ఏడుస్తా వస్తే నేనేం సెయ్యాల? ఆపాల్నా, పంపాల్నా? మీరు సదువుకున్నారు, సెప్పండి" అన్నాడు. నిజంగానే అడిగాడు.

వాజిద్ గుడ్డతో సీటు తుడుస్తూ వచ్చాడు. "మనిషిని కాపాడినాం గదన్నా. ఇంగ పోదామా?"

"కాపాడినందుకు దండం" అని ఓబన్న నిజంగానే చేతులు జోడించాడు. తరవాత ఫోను తీసి కారు నంబరు ఫోటో కొట్టాడు. "అబద్ధం సెప్పి పోయినావు సూడు, ఆ స్పీడుకు చలానా. మోసానికి కేసు కట్టాల్నా వద్దా, ఎస్సై సారును అడుగుతాను. లైసెన్సు ఇయ్యి."

"ఇదేం న్యాయమన్నా!"

"రెండూ నువ్వే సేసినావు గదప్పా. ఒకదానికి ఇంకోటి చెల్లు కాదు."

ఫైలు మాత్రం వాజిద్‌కు ఇవ్వలేదు. నా చేతిలో పెట్టాడు. "కేసు కడితే మీరొచ్చి సెప్పాల్సి వస్తాది సార్."

"వస్తాను. నేను అన్న మాట కూడా రాసుకోండి" అన్నాను.

వాజిద్ నిశ్చితార్థానికి వెళ్ళిపోయాడు. రుక్సానా వెళ్ళలేదు. ఒంటిగంటన్నరకు నర్సు వచ్చి ఆడపిల్ల అంది, చాలాసేపు ఏడవలేదు, ఇప్పుడు ఏడుస్తోంది, గాజుపెట్టెలో పెట్టాం అంది. తల్లికి రక్తం ఎక్కిస్తున్నారు, ప్రాణానికి భయం లేదు.

భీమక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకొని కళ్ళకు అద్దుకుంది. ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేక చెప్పేశాను.

"అమ్మా, మొదట మేం మిమ్మల్ని దాటిపోయినాం. అబద్ధం చెప్పి పోయినాం."

"సూసినాము గదప్పా" అంది ఆమె. "తెల్లకారు. మీరు మూడోవాళ్ళు. మీకు ముందర రెండు కార్లు పోయినాయి. ఒకాయన తల్లికి బాగలేదన్నాడు, ఇంకొకాయన కొడుకు బావిలో పడినాడన్నాడు. మీరు తిరిగొచ్చినారు, వాళ్ళు రాలేదు." ఎవరి తరఫునో మాట్లాడుతున్నట్టు అంది: "వాళ్ళకు నిజంగానే ఉన్నిందేమోలే, పాపం."

ఎంత ఆలోచించినా ఆ రెండు కార్ల గురించి నాకు ఆ మాట రాదు. మా కారులాంటివే అవి కూడా అని ఇప్పటికీ నాకు నమ్మకం. ఆమెకు లేదు.

ఆమె నా ఒళ్ళోని ఫైలు చూసింది. "మీ ఆడమనిషివా కాగితాలు? ఆయమ్మకు బాగైందా?"

"లేదమ్మా. పోయి మూడేళ్ళు."

"అయ్యో" అని, తన కొంగుతోనే ఫైలు అట్ట మీద ఓబన్న చేతినుంచి అంటిన నెత్తురు తుడిచింది. టీ మరకను కూడా తుడవబోయింది. అది పోదని చెప్పాను.

మూడు గంటలకు వాజిద్ ఫోను చేశాడు. వెనక గిన్నెల చప్పుడు, నవ్వులు. మిల్లు యజమాని అప్పటికే వెళ్ళిపోయాడట. అయినా పరవాలేదట, కాన్పు మనిషిని ఎట్లా కాపాడాడో విందులో అందరికీ చెప్పాడట. చిన్నాయన లేచి నిలబడి కౌగలించుకున్నాడట. నోట్లో ముక్క నములుతూనే చెప్పాడు.

"బావా, ఇంగొకటి. ఆ ఫైలు నీ దగ్గరుందా? పారేయొద్దు. రేపు గుంతకల్లు పోయే పని ఉండాది."

"నా దగ్గరే ఉంది" అని ఫోను పెట్టేశాను.

ఆదోని బస్సులో ఆ ఫైలును చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకొని కూర్చున్నాను.