పొడిగిస్తారన్న తారీఖు

బీడీలు చుట్టే ఆడవాళ్లు బడి నడిపారంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. మేడిపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, మా ఊరి ప్రాథమిక పాఠశాల వరండాలో, రెండేళ్లపాటు ప్రతి సాయంత్రం అది జరిగింది. పాఠం చెప్పింది నేను. చెప్పించింది మాత్రం, ఒళ్లో చాటలు పెట్టుకుని నా చుట్టూ కూర్చున్న ఎనిమిది మంది తల్లులు.

మా వాడలో ఇంటర్ దాకా చదివిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నేను మరిచేదాన్ని కాదు, ఎవరినీ మరవనిచ్చేదాన్నీ కాదు. నా కొడుకు సతీశ్ మూడో తరగతికి వచ్చినా ఎక్కాలు రావడం లేదని ఒకరోజు హెడ్మాస్టర్ సత్తయ్య సారును నిలదీశాను. ఐదు తరగతులకు ఇద్దరు పంతుళ్లు, అందులో ఒకరు ఎప్పుడూ మీటింగుల్లోనే. సారు కోపం తెచ్చుకోలేదు. నాలుగు తర్వాత వరండా ఖాళీయే కదా, నువ్వే చెప్పమ్మా అన్నాడు.

చెప్పొచ్చు. కానీ నేను రోజుకు వెయ్యి బీడీలు చుట్టి కార్ఖానాలో ఇవ్వాలి. సాయంత్రం రెండు గంటలు పోతే రెండు వందలు తక్కువ పడతాయి. ఆ మాట నా పక్కన కూర్చుని బీడీలు చుట్టే లచ్చవ్వతో అంటే ఆమె చాట పక్కనపెట్టి ఇల్లిల్లూ తిరిగింది. పిల్లల్ని పంపే ప్రతి తల్లీ రోజుకొక కట్ట, అంటే ఇరవై ఐదు బీడీలు, నా కోసం చుట్టాలని ఒప్పించింది. ఎనిమిది మంది, ఎనిమిది కట్టలు, నా రెండు వందలు నాకు ముట్టాయి. పిల్లలకు ఆకలైతే తినడానికి రోజుకో ఇంటి నుంచి ఉడికించిన శనగ గుడాలు వచ్చేవి. సర్కారు ఇచ్చింది నేల ఒక్కటే.

లచ్చవ్వ పెద్దబిడ్డ ఐదో తరగతితోనే ఆగిపోయింది. ఊళ్లో హైస్కూలు లేదు, మేడిపల్లి దాకా ఆడపిల్లను ఒంటరిగా పంపే ధైర్యం తల్లికి లేదు. ఆ పిల్ల చేతికి కత్తెర, బీడీ చుట్టే తునికాకు వచ్చాయి. చిన్నది స్వప్న. లెక్క చెప్పడం పూర్తికాకముందే జవాబు పలకమీద రాసి, పక్కవాళ్లకు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టేది. కేంద్రం వాళ్లు నడిపే హాస్టలు బడి ఒకటుందని, ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో ఒక్కసారే రాయాలని, నెగ్గితే పన్నెండో తరగతి దాకా తిండీ చదువూ వాళ్లవేనని సారే చెప్పాడు. సీటొస్తే చదివిస్తా, రాకపోతే అక్క పక్కన కూసోబెడ్తా అని లచ్చవ్వ దాచకుండా చెప్పింది. ఆ రోజు నుంచి నేను సగం సమయం స్వప్నకే ఇచ్చాను. మిగతా తల్లులెవరూ సణగలేదు.

అది రెండు వేల పదకొండు, స్వప్న ఐదో తరగతి. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడికి తాళం పడింది, సారు మేడిపల్లిలో సమ్మె టెంటుకు పోయాడు. వరండాకు తలుపు లేదు గనుక మా చదువు ఆగలేదు, పైగా పొద్దంతా సాగింది. సమ్మెలో బడి నడపడమేమిటని ఎవరో అడిగితే, అది సర్కారు బడి కాదు, తల్లుల బడి అని సారే సర్దిచెప్పాడు. మేమేమీ సమ్మెకు దూరంగా లేం. రోడ్డు మీద పొయ్యి పెట్టి వండాం, రోడ్డు మీద బతుకమ్మ ఆడాం. తెలంగాణ వస్తే మా పిల్లలకు కొలువులొస్తాయని అందరికన్నా గట్టిగా నమ్మింది మేమే.

పరీక్ష ఫారం మీద హెడ్మాస్టర్ సంతకం, ముద్ర కావాలి. ఆఖరు తారీఖు సెప్టెంబర్ ముప్పై. ఇరవై ఎనిమిదిన టెంటులో కూర్చునే వంతు బీడీ కార్మికులది. రోజుకో సంఘం ఒక పూట ఉపవాసం చేసేది. సారు ఎలాగూ అక్కడే ఉంటాడని లచ్చవ్వ ఫారాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి రవికె లోపల దాచుకుని వచ్చింది.

టెంటులో ముందు వరుసలో పురుషోత్తం రావు ఉన్నాడు. ఒకప్పటి మా దొరల వంశం, ఇప్పుడు కోరుట్లలో వ్యాపారం. వాళ్ల ఇంటి ముందు మా మామ చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు. అటువంటి మనిషి లేచి నాకు కుర్చీ జరిపాడు, మెడలో గులాబీ కండువా వేశాడు. తల్లుల బడి టీచరమ్మ మాట్లాడుతుందని మైకులో చెప్పి మైకు నా చేతికిచ్చాడు. నా కాళ్లు నేలమీద లేవు. ఏమేమో మాట్లాడాను. చివర ఒక మాట మాత్రం బాగా గుర్తుంది.

"మా పిల్లల సంవత్సరం పోతే పోనియ్యి, మాకు తెలంగాణ గావాలె."

చప్పట్లు చాలాసేపు కొట్టారు. నేను ఇంకా ఆ చప్పట్లలోనే ఉన్నప్పుడు లచ్చవ్వ కవరు తీసి సారు ముందు పెట్టింది.

సారు ఫారం తిప్పి చూశాడు. సమ్మె ముగిసేదాకా ఏ కాగితం మీదా సంతకం చేయకూడదని మండలంలో పంతుళ్లందరూ ఒట్టు పెట్టుకున్నారట. చుట్టూ అందరూ వింటున్నారు. అయినా ఆయన సంచీలోంచి ముద్ర తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అంత మంచివాడు. నా వైపు చూశాడు.

"నువ్వు పెట్టుమంటే పెడ్త కృపమ్మా. ఒట్టు పోతే నాది పోతది. చెప్పు."

లచ్చవ్వ కూడా నా వైపే చూసింది. ఇప్పుడే మైకులో అంత మాట అన్నదాన్ని, దొర జరిపిన కుర్చీలో కూర్చున్నదాన్ని, ఒక్క పిల్ల కోసం సారు ఒట్టు తప్పించమని ఎలా అడగను అనుకున్నాను. నిజం అదొక్కటే. పిల్ల గురించి ఆ క్షణంలో నేను ఆలోచించనే లేదు.

"వద్దు సార్. రాష్ట్రమంత బందున్నది, గా తారీఖు ఒక్కటే ఎట్ల నడుస్తది? పొడిగిస్తరు."

టెంటులో అందరూ అవునన్నారు. సారు ముద్ర సంచీలో వేసుకున్నాడు. లచ్చవ్వ ఫారాన్ని మడత పడకుండా కవర్లో పెట్టుకుంది.

మేం మరీ తెలివితక్కువగా అనుకున్నదేం కాదు. ఆ రోజుల్లో పరీక్షలు, ఫీజులు, దరఖాస్తులు అన్నీ వాయిదా పడుతూనే ఉన్నాయి. కానీ అవి హైదరాబాద్ చేతిలోవి. ఇది ఢిల్లీది. ఢిల్లీని కదిలించడానికే కదా మేం రోడ్డెక్కింది, అది మా బందుతో ఆగుతుందని ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. తారీఖు దాటాక కూడా లచ్చవ్వ రోజూ అడిగేది, పొడిగిస్తారని నేను రోజూ చెప్పేదాన్ని. స్వప్న పరీక్ష గైడు మొత్తం రెండుసార్లు ముగించింది.

అక్టోబర్‌లో సమ్మె ఆగింది. బడి తెరిచిన మొదటి పొద్దున సారు హాజరు కూడా తీసుకోకుండా సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. నేనూ లచ్చవ్వా కరీంనగర్ బస్సెక్కాం. ఫారాలు తీసుకునే ఆఫీసులో గుమాస్తా కసురుకోలేదు, మంచినీళ్లు కూడా ఇప్పించాడు. ఫారాల గడువు ముప్పయ్యో తారీఖునే ముగిసిందమ్మా అన్నాడు. సమ్మె సంగతి చెప్పాను. మీ వైపు నుంచి కూడా వచ్చాయి కదా అని జాబితా నా ముందుకు తిప్పాడు.

అందులో సాత్విక్ పేరు ఉంది. పురుషోత్తం రావు మనవడు, కోరుట్ల ప్రైవేటు బడి. ఫారం అందిన తారీఖు సెప్టెంబర్ ఇరవై. అంటే నాకు కండువా వేయడానికి ఎనిమిది రోజుల ముందు. నాకు ఒళ్లు మండింది. బస్టాండు దాకా ఆయన్ను తిడుతూనే నడిచాను. ఆయన చేసిన తప్పేమీ లేదని బస్సు కదిలాక తెలిసొచ్చింది. మనవడి పని మనవడిది, టెంటు పని టెంటుది. రెంటినీ ఒకదానికొకటి అడ్డం పెట్టకూడదని ఆయనకు తెలుసు. తాతల నుంచీ తెలుసు.

బస్సు జగిత్యాల దాటింది. లచ్చవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"సారు పెడ్త అన్నడు చెల్లె. నువ్వు వద్దన్నవు. నన్ను అడుగకుంట, నా బిడ్డను అడుగకుంట వద్దన్నవు."

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది, తిట్లకు జవాబు చెప్పడం నాకు వచ్చు.

బస్సు దిగేసరికి పొద్దు గూకుతోంది. స్వప్న రోడ్డు మీద మా కోసం నిలబడి ఉంది. తల్లి ముఖం చూడగానే పిల్లకు తెలిసిపోయింది. లచ్చవ్వ ఆగకుండా ముందుకు నడిచిపోయింది. పిల్ల నా పక్కన చేరి నడుస్తూ అడిగింది.

"చిన్నమ్మా, తెలంగాణ అచ్చినంక మల్ల పెడ్తరా పరీక్ష?"

లేదని చెప్పడానికి నోరు తెరిచాను.

"పెడ్తరు బిడ్డా," అన్నాను.

మరుసటి రోజు స్వప్న అందరికన్నా ముందొచ్చి వరండా ఊడ్చి కూర్చుంది. భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను.