ముప్పై ఆరో పాదసూచిక

నేను ఒక స్లైడును. ఒక ఆన్‌లైన్ కోర్సులో ఏడో పాఠానికి ఇరవై మూడో స్లైడును. నాలో బొమ్మ లేదు, పట్టిక ఉంది. ఒక ఊరు, ఒక బావి, ఇరవై రెండు వరుసలు. 1998 నుంచి 2019 దాకా ఏటా ఏప్రిల్‌లో ఆ బావి నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో చెబుతాను. చివరి మూడు వరుసల్లో అంకె లేదు. 'లేవు' అని ఉంది.

నన్ను తయారుచేసింది భూగర్భజలాల పాఠం చెప్పే భీమసేనరావు. అడుగున 'ఆధారం: క్షేత్ర పరిశీలన' అని రాశారు. ఎవరి పరిశీలనో రాయలేదు. పాఠం చెబుతూ నా దగ్గర నలభై సెకన్లు ఆగారు. కోర్సులో నాలుగు వందల పన్నెండు మంది చేరారు. పాస్‌వర్డ్ ఉన్నవాళ్లకే నేను కనిపించేదాన్ని.

వాళ్లలో మస్తానీ ఒకరు. అనంతపురంలో ఎండిన బావుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. నన్ను జిరాక్స్ షాపులో పేజీకి ఆరు స్లైడ్ల చొప్పున ప్రింటు తీయించింది. అలా నేను కాగితం మీదికి వచ్చాను. అన్నేళ్ల లెక్క ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు. అందుకని మూడో అధ్యాయం మొత్తం నా మీద నిలబెట్టి, ముప్పై ఆరో పాదసూచికలో నా లింకు ఇచ్చింది.

నా పన్నెండో వరుసలో, అంటే 2009లో, నీళ్లు ఒక్కసారిగా ఆరు మీటర్ల లోతుకు పైకి వచ్చాయి. మరుసటి ఏడు మళ్లీ పదిహేనుకు దిగాయి. అంతకుముందు సంవత్సరం కట్టిన చెక్‌డ్యామే దానికి కారణమని మస్తానీ రెండు పేజీలు రాసింది. మనుషుల చేతికి అంకె ఇస్తే చాలు, కారణం వాళ్లే వెతుక్కుంటారు.

కోర్సు ముగిసింది. లింకు నొక్కితే పాస్‌వర్డ్ అడిగే పేజీ వచ్చేది, పాత పాస్‌వర్డ్ పనిచేసేది కాదు. సిద్ధాంత గ్రంథం చదివిన బయటి పరీక్షకుడు తన నివేదికలో ఒక వాక్యం రాశారు: 'ముప్పై ఆరో పాదసూచిక తెరుచుకోలేదు, ఆధారం చూపాలి, లేదా మూడో అధ్యాయం తీసేయాలి.' గడువు మూడు నెలలు. ఆ అధ్యాయం తీసేస్తే మిగిలేది పీఠిక, ముగింపు, వాటి మధ్య ఒక సర్వే.

గైడ్ వెంకటనారప్పకు ఇది కష్టంగా అనిపించలేదు.

"ఏదన్నా పుస్తకం పేరు పెట్టెయ్ మా. పుస్తకమంటే ఎవరూ తెరిచి చూడరు."

"ఆ పుస్తకంలో ఈ బావి లేదు సార్."

"ఉందో లేదో వాళ్లకేం తెలుసు? లింకు కాబట్టి నొక్కి చూసినాడు ఆయన."

మస్తానీ పుస్తకం పేరు పెట్టలేదు. భీమసేనరావు ఫోన్ నంబరు సంపాదించింది. ఆయన రిటైరయ్యారు. "ఆ లెక్క నాది కాదమ్మా," అన్నారు. "కళ్యాణదుర్గం అవతల కుళ్లాయప్ప అని ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర రాసుకొచ్చా."

నన్ను ఫైల్లో పెట్టుకుని మస్తానీ ఆ ఊరికి వెళ్లింది. కుళ్లాయప్పకు డెబ్బై రెండేళ్లు. నడవలో గోడకు ఒక మేకు ఉంది. దానికి ఒకదాని మీద ఒకటి క్యాలెండర్లు వేలాడుతున్నాయి. ఏ ఏడూ పాతది తీయలేదు. ఏటా ఉగాది పొద్దున ఆయన మూరకో ముడి వేసిన తాడుకు రాయి కట్టి బావిలోకి వదులుతాడు. తాడు ఎన్ని మూరలు తడవకుండా ఉందో లెక్కపెట్టి, క్యాలెండర్లో ఆ రోజు గడిలో రాస్తాడు.

నా తలమీద 'ఏప్రిల్' అని ఉంది. ఆ ఇరవై రెండు ఉగాదుల్లో పదమూడు మార్చిలో వచ్చాయి.

మస్తానీ ఒక్కొక్క క్యాలెండరే దించి, మూరలను మీటర్లు చేసి, నాతో సరిచూసింది. పదకొండు వరుసలు సరిపోయాయి. 2009 దగ్గర ఆగింది. గడిలో 31 ఉంది. నాలో ఉన్నది 13 మూరల లెక్క. ఆ ఏడు నీళ్లు పైకి రాలేదు. ఆరు మీటర్లు కాదు, పద్నాలుగు.

"సారు తిరగేసి రాసుకున్యాడా?" కుళ్లాయప్ప నవ్వాడు. "టీ తాగుతా రాసినాడులే పాపా. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో పెన్ను."

నాలుగు వందల పన్నెండు మందికి నేను తప్పు చెప్పాను. ఒక్కరూ అడగలేదు. నన్ను చూడలేకపోయిన మనిషి అడిగాడు.

మస్తానీ చివరి క్యాలెండర్లు తిప్పింది. మూడేళ్లు వరుసగా ఉగాది గడిలో 'లేవు' అని ఉంది.

"నీళ్లు లేని బాయిలో తాడెందుకు దించుతావు తాతా?"

"లేవని గూడా రాయాల కదా మా."

పాఠంలో నా 'లేవు' అన్న మాట మీద ఎవరూ రెండు సెకన్లు కూడా ఆగలేదు. దాని వెనక ఒక మనిషి బావి గట్టున నిలబడి, రాయి నేలకు తగిలే చప్పుడు విని, ఇంటికి వచ్చి పెన్ను తీశాడు. మూడేళ్లూ అదే పని. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ పంపలేదు.

"నీ పేరు రాస్తా తాతా," అంది మస్తానీ.

"నా పేరెందుకు? నీళ్లేమన్నా నావా?"

ఆమె చెక్‌డ్యామ్ మీది రెండు పేజీలు కొట్టేసింది. గడువుకు పదకొండు రోజుల ముందు గ్రంథం తిరిగి ఇచ్చింది. నన్ను అనుబంధంలో అచ్చువేసి, కింద 'పన్నెండో వరుస తప్పు' అని రాసింది. పాదసూచికలో మాత్రం ఇక నేను లేను.

మౌఖిక పరీక్ష రోజున పరీక్షకుడు ఆ పాదసూచికను పైకి చదివారు: "కుళ్లాయప్ప, గోడ క్యాలెండర్లు, ఉగాది నాటి కొలతలు, 1998 నుంచి 2019. ఆయన ఇంటి నడవలో ఉన్నాయి. పొద్దున పది లోపు వెళ్తే చూపిస్తారు."

వెంకటనారప్ప తల వంచుకున్నారు. పరీక్షకుడు కళ్లజోడు తీశారు.

"ఇదీ తెరుచుకోదు కదమ్మా, ఇక్కడ కూర్చుంటే."

"తెరుచుకోదు సార్. పోవాల."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

"కళ్యాణదుర్గం నుంచి బస్సు ఎన్నింటికి?"